జోరీగ, నమూనా ఒకటి

"మిగతా కథ ఉన్న ఆ రెండో పుస్తకం కూడా పొయ్యిలో పెట్టు," అన్నాడు రవీంద్ర.

అతని భార్య శోభన పేజీలు ఒక్కొక్కటే చింపి మంటలో వేసింది. పొగకు ఆమె కళ్ల వెంట నీళ్లు కారాయి. ఆదివారం మధ్యాహ్నం. నౌసోరిలో ఆ వీధి వీధంతా తలుపులు వేసుకుని ఉంది. ఫిజీ రాజధాని సువాలో సైన్యం ప్రభుత్వాన్ని దించేసి రెండు నెలలైంది.

రవీంద్ర సువాలో ఒక ఆఫీసులో ప్లాన్లు గీసే డ్రాఫ్ట్స్‌మన్. శుక్రవారం పొద్దున రేవా వంతెన దగ్గర సైనికులు బస్సు ఆపి అతని సంచీ వెతికారు. ఆఫీసులో టైపిస్టు సర్లా చేత టైపు చేయిద్దామని పెట్టుకున్న నోటు పుస్తకం దొరికింది. అందులో ఉన్నది ఇంగ్లీషు కథ. వందేళ్ల తర్వాత చుక్కల మధ్య జరిగే యుద్ధం కోసం ఫిజీలో తయారైన మొట్టమొదటి నమూనా యుద్ధవిమానం కథ. మొదటి పేజీలోనే స్కేలు పెట్టి గీసిన బొమ్మ, రెక్కల కింద ఆరు తుపాకులు. బయల్దేరే చోటు నౌసోరి విమానాశ్రయం. విమానం పేరు మాత్రం తెలుగులో ఉంది, జోరీగ అని. అది రహస్య సంకేతమేమోనని సైనికులకు అనుమానం వచ్చింది.

ఎవరిదని అడిగితే నాదే, ఉత్త కథ, అన్నాడు రవీంద్ర. పుస్తకం ఉంచుకుని, పేరూ ఇంటి గుర్తులూ రాసుకుని పంపేశారు. పోయిన నెల పక్క వీధి బిజయ్‌ని ఒక పాత రేడియో కోసం తీసుకెళ్లారు. నాలుగు రోజులకు తిరిగొచ్చాడు గానీ వాళ్లేమడిగారో పెళ్లానికి కూడా చెప్పలేదు.

రవీంద్ర తల్లి అమ్మణి రెండు రోజులుగా కొడుకును సాధిస్తూనే ఉంది. ఆఫీసులో గీసిన గీతలు చాలక ఇంట్లో కూడా గీయాలా, గీసేవాడివి ఓ పువ్వో పిట్టో గీయరాదా అని. శోభన పప్పు తాలింపు రెండుసార్లు మాడ్చింది. మాడిన పప్పును ఎవరూ వంక పెట్టకుండా తిన్నారు. ఆ ఇంట్లో భయం ఎంతగా ఉందో చెప్పడానికి అది చాలు.

చివరి పేజీ కాలుతుండగా గేటు కిర్రుమంది.

యూనిఫాంలో ఒక ఆజానుబాహువు లోపలికి వస్తున్నాడు. చేతిలో న్యూస్‌పేపర్లో చుట్టిన పొడుగాటి వస్తువు.

"తుపాకీ," అంది అమ్మణి మెల్లగా.

తుపాకీకి కాగితమెందుకు చుడతారని ఎవరికీ తోచలేదు.

అతను మెట్టు దగ్గర బూట్లు విప్పాడు. లోపలికొచ్చి, చాప మీద మఠం వేసుకుని కూర్చుని, పొట్లం విప్పి రవీంద్ర ముందు పెట్టాడు. యంగోనా మొక్క వేళ్ల కట్ట. ఫిజీ వాళ్లు ఏదైనా పెద్ద కోరికతో వస్తే ముందు ఆ కట్ట పెడతారు. అందుకున్నామా, అడిగింది తీర్చి తీరాలి.

తుపాకీ కానందుకు రవీంద్రకు ప్రాణం లేచొచ్చింది. గబుక్కున రెండు చేతులా కట్ట అందుకున్నాడు.

"అరే బేటా, ఏం కావాలో అడగనివ్వు ముందు," అంది అమ్మణి.

అప్పటికే సైనికుడు, ఇక మాట కుదిరిపోయిందన్నట్టు, అరచేతులు గుల్లగా చేసి మూడుసార్లు చప్పట్లు చరిచాడు.

తన పేరు సార్జెంట్ ఇలియేసా అని హిందీలో చెప్పుకున్నాడు. పుస్తకం రెండుసార్లు చదివాడట. కెప్టెన్ మాత్రం అది కథ కాదు, నిజమైన ప్లాను అంటున్నాడట. కథే అయితే తర్వాత ఏం జరుగుతుందో రాసినవాడికి తెలియాలి కదా, తెలియకపోతే రేపు పొద్దున క్యాంపుకు తీసుకురా అన్నాడట.

"కథేనని కెప్టెన్‌కు నా మాట ఇచ్చాను భాయ్," అన్నాడు. "మూడో చంద్రుడి దగ్గర జోరీగ ఇంజను ఆగిపోయింది. లోపల పైలట్ కుంతి ఒక్కతే ఉంది. ఆ ఇంజను పాడుచేసింది ఎవరు?"

రవీంద్ర కట్టను ఒళ్లోకి జరుపుకున్నాడు.

"నాలుగో పేజీలోనే ఆధారం వదిలావు. నేను పట్టేశాను. అదే నీ నోటితో వినిపోదామని వచ్చాను."

టీ పెడతానంటూ శోభన గబగబా ముందుకొచ్చింది. సార్జెంట్ మర్యాదగానే చెయ్యి అడ్డం పెట్టాడు.

"తర్వాత, దీదీ. కట్ట అందుకున్నాడు కదా, ముందు ఆయన్ని చెప్పనివ్వు."

అమ్మణి కూడా కొడుకు మొహంలోకే చూస్తోంది. చెప్పరాదా, నువ్వు రాసిందే కదా, అని తెలుగులో గొణిగింది. రవీంద్ర శోభన వైపు చూశాడు.

భార్య రాసిన ఆ కథలో అతను ఒక్క పేజీ కూడా చదవలేదు.