ఎంగిలి సీసాలు

గాంధిమతి తలుపు తీసేసరికి, పొద్దున్నే తను వేసిన ముగ్గు పక్కన ప్లాస్టిక్ సీసాల కుప్ప ఉంది.

అన్నీ మురుగుకాలవలోంచి తీసినవే. నల్లటి బురద కారి ముగ్గులోకి పాకుతోంది. కొన్ని సీసాల అడుగున పులిసిన కలర్ సోడా, అందులో ఉబ్బిన ఈగలు. ఆ కంపు గడప దాకా కొడుతోంది.

రెండువేల అయిదు, తమిళ ఐప్పసి నెల. ఆమె స్వామికి చేసే ఆరు రోజుల కంద షష్ఠి ఉపవాసంలో ఉంది. షష్ఠి కాగానే మనవరాలికి చెవులు కుట్టించాలి. కళుగుమలై నుంచి, శ్రీవిల్లిపుత్తూరు నుంచి చుట్టాలు వస్తారు.

ఈ తమిళ ఊరు కోవిల్‌పట్టిలో కొళాయి నీళ్లు ఎన్నాళ్లకో ఒకసారి వస్తాయి. నిన్ననే వస్తే, వాకిట్లో నేలలోకి కట్టిన తొట్టి నిండా పట్టి మూత వేసింది. విందుకైనా, దాహానికైనా అవే.

ఆ తొట్టికి నాలుగడుగుల దూరంలో ఈ ఎంగిలి కుప్ప.

కాలవ మీది బండ కిందనుంచి ఒక ముసలాయన పైకి లేచాడు. తొడల దాకా బురద. చంకలో మరో నాలుగు సీసాలు.

ఇంట్లో తెలుగే అయినా, బయటివాళ్లతో మాట్లాడే తమిళంలోనే ఆమె నాలుగు చీవాట్లు పెట్టింది. ఆయన తెలుగులో జవాబు చెప్పాడు.

"ఇంకా కొంచెం ఉండాయమ్మా. తూముకి అడ్డం పడి ఉండాయి. తీసేసి పోతా."

మనవాడే అని తెలిసి ఆమె అసహ్యం తగ్గలేదు, రెట్టింపయింది.

"ఎవురెవురో నోట్లో పెట్టుకొని పారేసింది. ఉపవాసం పూటా నా వాకిట్లోనే పొయ్యాల్నా?"

"మట్టిలో పూడ్చినా కుళ్లదమ్మా ఇది. ఎండకి పెళుసై తునకలవతాది, అంతే. మిల్లుకి పోతే కరిగించి నూలు తీస్తారు."

"ఎంగిలి సీసాల్లోంచి నూలా? ఎవురు కడతారు దాన్ని?"

ఆయన ఆమె చీర వైపు చూసి నసిగాడు.

"కోపం వద్దమ్మా. మీరు కట్టిన పాలిస్టర్ కోక గూడా ఈ జాతిదే."

గాంధిమతి విసురుగా లోపలికి పోయి, తలకి పోసుకొని పత్తి నూలు చీర కట్టుకుంది. దీపం ముందు కూర్చున్నా మనసు నిలవలేదు. ఇన్నేళ్లు స్వామి ముందు కట్టింది ఆ జాతి బట్టేనా? తెలిసే ఆ స్వామి ఊరుకున్నాడా?

మధ్యాహ్నానికి కుప్ప ఇంకా పెరిగింది. ముసలాయన మూతలు వేరుచేస్తూ, చుట్టిన కాగితాలు గీకి పారేస్తూ, సీసాలు కాలితో తొక్కి చదును చేస్తున్నాడు. ఈగలు వంటింటి దాకా వచ్చాయి. సాయంత్రం సారాకే ఈ పాట్లన్నీ అని పక్కింటి మూక్కమ్మాళ్ తేల్చేసింది.

గాంధిమతి భర్త సుబ్బురాజ్ అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ నుంచి అన్నానికి వచ్చాడు. ఆమె పోరు పడలేక పోలీసు స్టేషనుకి పోయి చెప్పాడు. పోలీసాయన వచ్చి ముసలాయన భుజం పట్టుకున్నాడు.

ముసలాయన ఎదురాడలేదు. ఒక్కటే అడిగాడు.

"ఈ కుప్ప ఎత్తుకొని వస్తా సారూ. మళ్లా కాలవలో పడకూడదు."

ఆ కంపు మోసుకొని రానిస్తారా. కుప్ప అక్కడే మిగిలిపోయింది.

ఉపవాసంలో ఎంగిలి చేత్తో తాకకూడదు. గాంధిమతి బూజుకర్ర తెచ్చి, ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకొని, మొత్తం కాలవలోకే నెట్టేసింది. సీసాలు తేలుకుంటూ, ఒకదాన్నొకటి తోసుకుంటూ బండ కిందికి దూరాయి.

పీడ వదిలిందనుకొని కాళ్లు కడుక్కుంది.

షష్ఠి పొద్దున వాన పట్టుకుంది. కాలవ పొంగింది. తూము నీళ్లు లాగలేదు. వెనక్కి తన్నిన మురుగు వాకిలంతా నిండి, తొట్టి మూతని లేపింది.

వాన వెలిశాక గాంధిమతి తొట్టిలోకి తొంగి చూసింది.

నల్లటి నీళ్లు. పైన జిడ్డు తెట్టు, తెల్లగా కదిలే పురుగులు, వాటి మధ్య ఎవరి నోటిదో ఒక సీసా.

ఖాళీ కడుపుతోనే ఆమె వాంతి చేసుకుంది. తెల్లారితే చుట్టాలు. ఇంట్లో పసిదానికి పోసేందుకు గుక్కెడు నీళ్లు లేవు.

"తూము తీసేదానికి ఆ ముసలాయన్నే పిలుచుకొని రాండి" అంది భర్తతో. "కాళ్లు పట్టుకొని అయినా."

సుబ్బురాజ్ పాతసామాన్ల అంగడి దామోదరసామిని అడిగి, ఒంటరిగా తిరిగొచ్చాడు.

"రాడు. కొడుకు కారులో వచ్చి స్టేషన్లోంచే పిలుచుకొని పోయినాడంట. గడప దాటనీయడం లేదంట."

"సీసాలమ్ముకొనేవాని కొడుక్కి కారా?"

"అమ్మింది ఏడ? దామోదరసామికి ఊరికే ఇచ్చి, మిల్లుకి మాత్రం తప్పకుండా పంపించప్పా అని బతిమాలి పోతాడంట."

"ఎవురంట ఆయన?"

సుబ్బురాజ్ వాకిట్లో నిలిచిన మురుగునే చూస్తూ చెప్పాడు.

"విరుదునగరులో సోడా కంపెనీ పెట్టిన మొదలాళి; గాజు సీసాలు మానిపించి, మన వైపు ఊళ్లకి మొట్టమొదట ప్లాస్టిక్ సీసాలు పంపించింది ఆయనేనంట."