సాక్ష్యం వేళ వాసన

ఇప్పుడు ఏ చర్చిలోనైనా చదివే బైబిలు వాక్యానికి తగ్గ వాసన రావాల్సిందే. పశువుల పాకంటే ఎండుగడ్డి, సమాధంటే శవానికి పూసే బోళం. భీమవరం చర్చిలో ఆ పరిమళ యంత్రాన్ని నడిపేది కెజియా.

ఆమె భర్త రొయ్యల ఫ్యాక్టరీలో అమ్మోనియా లీకై చనిపోయాడు. ఆ ఫ్యాక్టరీ యజమాని జెకర్యా, చర్చిలో సంఘపెద్ద కూడా. అసలు లీకే కాలేదని, అతను గుండె ఆగి పోయాడని కోర్టులో ప్రమాణం చేసి బయటపడ్డాడు.

ఆ ఆదివారం జెకర్యా, దేవుడు తనకు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పడానికి వేదికెక్కాడు.

"కెజియమ్మా, మంచి మల్లెపూల వాసన వదలమ్మా," అన్నాడు.

"అలాగేనండి పెద్దయ్యగారూ."

కెజియా తను కలిపి తెచ్చిన సీసాను యంత్రానికి బిగించింది. అందులో ఉన్నది హాని లేని వట్టి వాసనే. కానీ హాలంతా అమ్మోనియా ఘాటు కమ్మేసింది. ఫ్యాక్టరీలో పనిచేసే ఆడవాళ్లు ఉలిక్కిపడి కొంగులు ముక్కుకి అడ్డం పెట్టుకున్నారు. జెకర్యా గుమ్మంవైపు పరుగెత్తాడు.

"మళ్లీ లీకైందిరోయ్! తలుపులు తియ్యండి!"

చొక్కాకున్న మైకులోంచి ఆ కేక అందరికీ వినబడింది. కెజియా యంత్రం ఆపేసింది.

"మళ్లీ అంటారేంటండి? మొదటిసారి అవ్వలేదన్నారు కదండి?"

జెకర్యా చొక్కాకున్న మైకు పీకేశాడు. ఆడవాళ్లు ఒక్కొక్కరే లేచి వెళ్లి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డారు.