బేరంలో పోయిన తుపాకీ

సమూయేలు అయిదు గుళ్ళ పంప్ తుపాకీ కావాలని అడగ్గానే, కౌంటర్ వెనకున్న మనిషి తింటున్న మాంసం పఫ్ పక్కన పెట్టేశాడు.

“మూడేళ్ళయింది సార్, అవి అమ్మడం మానేసి. చట్టం మారింది. రైతులకే సవాలక్ష పర్మిషన్లు కావాలి. మీ లైసెన్సుకి డబుల్ బ్యారెల్ ఇస్తాను, తీసుకోండి.”

ఆస్ట్రేలియాలోని ఈ టూవూంబా ఊళ్ళో సమూయేలు ఎక్కని తుపాకుల షాపు లేదు. అన్నిచోట్లా ఇదే పాట.

“పంపే కావాలి నాకు,” అన్నాడు పళ్ళు నూరుతూ.

గోడవార కుర్చీలో వెలిసిన టోపీ పెట్టుకుని ఓ ముసలాయన కూర్చున్నాడు.

“దేనికి?” అని అడిగాడాయన.

“అడవి పందులకి.”

“రెండు గుళ్ళకి పడని పంది అయిదింటికీ పడదు బాబూ. డబుల్ బ్యారెలే కొనుక్కో.”

“మిమ్మల్నెవరడిగారు?” అని సమూయేలు విసురుగా బయటికొచ్చేశాడు.

అతని బాధ అతనిది.

సమూయేలుది తెనాలి. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లకి మతిపోతుందని లోకమంతా బెంబేలెత్తిపోతుంటే, ముందే వాటికి మందేయడానికి వచ్చాడు. జనవరితో ఆ కాంట్రాక్టు సరి. ఆ తర్వాత కూడా ఇక్కడే ఉండాలంటే మేనేజర్ గ్రాహం స్పాన్సర్ చెయ్యాలి.

గ్రాహంకి వేటంటే పిచ్చి. ఓరోజు ఆఫీసు బార్బెక్యూ విందులో మాంసం కాలుతుంటే సమూయేలు నోరు ఊరుకోలేదు. తెనాలి మీద పడ్డ అడవి పందుల మందని పంప్ తుపాకీతో ఒక్కడే తరిమాడట. ఆఖరి పంది వెనక్కి తిరిగి దణ్ణం పెట్టి మరీ వెళ్ళిందట.

గ్రాహం నవ్వి భుజం తట్టాడు.

“వచ్చే నెల మాతో రా సామ్. నీ తుపాకీ తెచ్చుకో. నీ గురి చూద్దాం.”

అదీ సంగతి.

షాపు బయట ఓ బట్టతలవాడు ట్రక్కుకి ఆనుకుని ఉన్నాడు.

“లోపల విన్నాను. నా దగ్గరుంది పంప్. కాగితాలు మాత్రం లేవు. ఆదివారం మధ్యాహ్నం మూడింటికి మా షెడ్డుకి రా.”

వాడు దారి చెబుతుండగా ఆ టోపీ ముసలాయన పక్కనుంచే వెళ్ళి తన కారెక్కాడు.

ఇంట్లో భార్య సుగుణకుమారి విని నెత్తి కొట్టుకుంది.

“కాగితాల్లేని తుపాకీ మనకెందుకండీ? అసలే ఇక్కడ స్థిరపడటానికి పీఆర్ కోసం ఎదురుచూస్తున్నాం.”

“పీఆర్ కోసమే కదే ఈ తిప్పలన్నీ.”

“తుపాకీ చూసి ఇస్తారా పీఆర్?”

“గ్రాహం చూస్తాడు. చూస్తే సంతకం పెడతాడు.”

“తెనాల్లో పందులెక్కడివని అడగలేదా ఆయన?”

“ఆయనకి తెనాలెక్కడుందో తెలిస్తే కదా.”

ఆదివారం షెడ్డులో బట్టతలవాడు గోనెపట్టా విప్పి తుపాకీ చూపించాడు. నల్లగా నిగనిగలాడుతోంది. ధర చెప్పాడు.

సమూయేలు అందులో సగం చెప్పాడు.

“కుదరదు,” అన్నాడు వాడు.

“అయితే నీ దగ్గరే ఉంచుకో,” అని సమూయేలు వెనక్కి తిరిగి దర్జాగా నడిచాడు.

గుంటూరు పట్నం బజార్లో అయితే గడప దాటకముందే పిలుస్తారు. “రండి సార్, మీ మాటా వద్దు, నా మాటా వద్దు,” అంటారు.

ఇక్కడ ఈగ కూడా పిలవలేదు.

నడక తగ్గించాడు. చెప్పులో లేని రాయి దులుపుకున్నాడు. అయినా పిలుపు లేదు.

తిరిగి చూస్తే ఏముంది! షెడ్డు ముందు దుమ్ముకొట్టుకుపోయిన తెల్ల కారు ఆగి ఉంది. టోపీ ముసలాయన డబ్బిచ్చి తుపాకీ అందుకుంటున్నాడు.

సమూయేలు పరుగెత్తుకొచ్చాడు.

“అది నాది. నేను బేరంలో ఉన్నాను.”

“నువ్వు వెళ్ళిపోయావుగా,” అన్నాడు బట్టతలవాడు.

“వెళ్ళలేదు. నడిచానంతే.”

వాడికి అర్థం కాలేదు. సమూయేలు ముసలాయన వైపు తిరిగాడు.

“మీరిచ్చిన దానికి ఇంకాస్త వేసి ఇస్తాను. ఇచ్చెయ్యండి.”

ముసలాయన డిక్కీ మూశాడు.

“ఇంటికెళ్ళు బాబూ.”

“నా బతుకు మీద దెబ్బ కొట్టావు కదయ్యా, ముసలి దొంగా,” అని సమూయేలు ఇంగ్లీషులో మొదలుపెట్టి తెలుగులో ముగించాడు. తెలుగు భాగం ఇక్కడ రాయడానికి వీల్లేదు.

ముసలాయన టోపీ కొంచెం పైకెత్తి దించి, కారు పోనిచ్చాడు.

రాత్రంతా సమూయేలుకి కడుపు మండుతూనే ఉంది. సోమవారం పొద్దున్నే పోలీస్ స్టేషన్‌కి వెళ్ళాడు.

“ఒక ముసలాయన కాగితాల్లేని పంప్ తుపాకీ కొన్నాడు సార్. తెల్ల కారు.”

సార్జెంటు లోపలికెళ్ళి ఓ ట్రే తెచ్చి బల్ల మీద పెట్టాడు. అందులో పంప్ తుపాకీ, రెండు ముక్కలుగా కోసి ఉంది.

“ఇదేనా?”

సమూయేలు తలూపాడు.

“నిన్న సాయంత్రమే తెచ్చి అప్పగించాడు. ఏది కొన్నా తిన్నగా ఇక్కడికే తెస్తాడు. అమ్మినవాణ్ణి కూడా లోపలేశాం. ఇది ఇంకెవరి చేతిలో కనిపించినా వాడికీ బేడీలే. పైదేశం వాడైతే మర్నాడే విమానం.”

సమూయేలు బల్లకి ఓ అడుగు దూరం జరిగాడు.

“అక్కడ తనూ, అమ్మినవాడూ తప్ప ఇంకెవరూ లేరని చెప్పాడే ఆయన. నువ్వెలా చూశావు?” అన్నాడు సార్జెంటు.



సార్జెంటు అతని మొహం చూసి, తనే అన్నాడు.

“రోడ్డు మీద పోతూ చూసుంటావులే.”

“అవును సార్.”

గుమ్మం దాకా వెళ్ళిన సమూయేలు మళ్ళీ వెనక్కొచ్చాడు.

“ఆయన్ని ఒక్కసారి కలవాలి సార్. ఎక్కడుంటారు?”

“పొద్దున్నే దేశానికి ఆ చివరున్న పెర్త్ వెళ్ళిపోయాడు. అక్కడ కానింగ్ వేల్‌లో కూతురుంది. ఇంకొక్కటి మిగిలింది, అది దొరికితే వెళ్తానంటూ ఇన్నాళ్ళూ ఆగాడు.”

“ఆయన పోలీసా సార్?”

“కాదు. మెయిన్ రోడ్డు మీద తుపాకుల షాపుంది చూశావా? అది ముప్పయ్యేళ్ళు ఆయనదే. ఆ పంప్ తుపాకులన్నీ ఈ ఊరికి అమ్మింది ఆయనే.”