టాపు మడిచే కారు

టాపు మడిచే స్పోర్ట్సు కారును గోపాలకృష్ణయ్య మద్రాసు నుంచి తెచ్చిందే భార్యకు చైత్రపు గాలి తగలాలని. కానీ వాళ్ల ఇంట్లో ఘోషా. తల్లి టాపు వేయించి, చుట్టూ తెరలు కట్టించాకే కోడల్ని వెనక సీట్లో ఎక్కించింది.

కోటప్పకొండకు పోతుంటే, నరసరావుపేట దాటగానే మామిడితోట దగ్గర ఇంజను ఆగింది. అతను దిగి, తిట్టుకుంటూ హ్యాండిల్ తిప్పి, మళ్లీ బయల్దేరాడు.

"ఇక్కడెవరూ లేరు. ఆ తెర తియ్యవే, నాగేంద్రం!"

తెర కదల్లేదు.

"ఎవరి కోసమే ఈ కారు కొన్నది?"

దారి పొడుగునా బతిమాలి, విసిగిపోయి, కారు ఆపి తానే తెర లాగాడు. సీటు ఖాళీగా ఉంది.

హడలిపోయి వెనక్కి తోలాడు. తోటలో నాగేంద్రమ్మ ముసుగు లేకుండా కొమ్మ మీద కూర్చుని మామిడి పిందె కొరుకుతోంది.

"అప్పుడే వచ్చారేందండీ? అందరూ నేను కార్లో ఉన్నాననుకుంటారు గదా. కోటప్పకొండ దాకా పోయి నిదానంగా రండి!"