పడవ బయటి వైపు

సంచిలో రెండు తువ్వాళ్ళు పెట్టాను. నలుగురికీ తలా ఒక జత పొడిబట్టలు, అమృతాంజనం, శొంఠిపొడి, దండెం తాడు కూడా సర్దాను. జిప్ పడలేదు. మోకాలితో నొక్కి వేశాను.

"అమ్మా, మనం వెళ్తున్నది షోరూమ్‌కి," అంది మా అమ్మాయి సుమతి. "హైవే పక్కన. అక్కడ నీళ్ళంటే రెస్ట్‌రూమ్‌లోవే."

"అక్కడ మాత్రం జారిపడరా ఏంటి?" అన్నాను.

దీనంతటికీ కారణం మా మనవరాలు ఇషిత. హైస్కూల్లో బాస్ ఫిషింగ్ టీమ్‌లో చేరింది. బాస్ అంటే ఒక రకం చేప. దాన్ని గాలం వేసి పట్టి, తూచి, మళ్ళీ నీళ్ళలోకి వదిలేస్తారట. మరి పట్టడం దేనికని అడిగాను.

ఇప్పుడు దానికి సొంత పడవ కావాలి. వాళ్ళు వెళ్ళే సరస్సు ఆదివారమైతే ఐ-88 హైవే లాగే రద్దీగా ఉంటుంది. స్పీడ్ బోట్లు, జెట్ స్కీలు, అవి లేపే అలలు.

"అత్తయ్యగారు ఓకే అంటేనే కొంటాను," అని మా అల్లుడు మోహన్ షరతు పెట్టాడు. నేను ఈ జన్మలో అననని అతని ధైర్యం.

"అమ్మమ్మా, ప్లీజ్," అంది ఇషిత. "బోట్ లేకపోతే నేను టీమ్‌లోంచి అవుట్. నువ్వు నో అంటే అంతే."

ఐదో తరగతితో బడి మానేసినదాన్ని. ఇంగ్లీషు అమెరికాకు, ఈ నేపర్‌విల్‌కు వచ్చాకే, లైబ్రరీలో కూర్చుని, అక్షరం కింద వేలు పెట్టి నేర్చుకున్నాను. అదే వేలితో పడవల మీద దొరికిన పుస్తకాలన్నీ చదివాను. వంకాయలు ఏరడానికే గంట పట్టే మనిషికి పడవ ఎంచే పని అప్పగించారు.

షోరూమ్‌లో ఇషిత నేరుగా ఒక ఎర్ర పడవ దగ్గరికి పరిగెత్తింది. పెళ్ళికారులా తళతళలాడుతోంది. అంచులు మాత్రం బొత్తిగా ఎత్తు లేవు.

"ఇందులో అలలే వచ్చి కూర్చుంటాయి. మీకు చోటుండదు," అన్నాను.

రెండోది అల్యూమినియంది. తేలిక, చవక. మోహన్‌కు నచ్చింది.

"పక్కనుంచి పెద్ద బోటు వెళ్తే ఇది పెనం మీది నీటిబొట్టులా ఎగురుతుంది బాబూ."

మూడోది పొడుగ్గా, లోతుగా, అడుగు కోసుగా ఉంది. రద్దీ సరస్సుకు ఇలాంటిదే ఉండాలని సేల్స్‌మన్ చెప్పాడు. పుస్తకాలూ అదే చెప్పాయి. మోహన్ ముఖం వాడింది. నేను ఒప్పుకునేలా ఉన్నాను మరి.

ట్రైలర్ మీద ఉన్న ఆ పడవ పక్కన నిలబడితే, దాని అంచు నా నెత్తికన్నా పైనుంది. చెప్పులు విడిచి, మునివేళ్ళ మీద లేచి, రెండు చేతులూ పైకి చాచి దాని పక్కలు తడిమాను. నున్నగా ఉన్నాయి. వేళ్ళు జారిపోయాయి. వెనకవైపుకు వెళ్ళి అక్కడా తడిమాను.

సేల్స్‌మన్ ఇషిత చెవిలో ఏదో అన్నాడు.

"అమ్మమ్మా, ఎక్కి సీట్‌లో కూర్చోమంటున్నాడు. అందరూ లోపల చూస్తారంట. వాట్ ఆర్ యూ డూయింగ్?"

"లోపల ఉన్నవాళ్ళకేం, హాయిగానే ఉంటారు. నీళ్ళలో పడ్డవాళ్ళు దేన్ని పట్టుకోవాలో అడుగు."

అడిగింది. ఎవరూ పడరని ఆయన నవ్వు ఆపుకుంటూ చెప్పాడు.

"అయితే ఇదీ వద్దు," అన్నాను.

"అత్తయ్యగారూ, ఇల్లు కొనేటప్పుడు కూడా నేను ఇంత చూడలేదండీ," అన్నాడు మోహన్.

"ఇల్లు తిరగబడదు కదా."

సుమతికి నవ్వు ఆగలేదు. "గోదావరి ఒడ్డున పుట్టి నీళ్ళంటే ఇంత హడలేంటమ్మా? అసలెప్పుడైనా పడవెక్కావా?"

"నాకు బస్సెక్కితేనే వాంతులు. పడవ కూడానా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

చివరికి ఒక మూల పాత పడవ కనిపించింది. ఉడికిన గోంగూర రంగు. దాన్ని వాడినాయన ఎవరో గానీ, రెండు పక్కలా గట్టి కమ్మీలు బిగించాడు. వెనక మడతనిచ్చెన ఉంది. కమ్మీ పట్టుకుని నా బరువంతా వేసి వేలాడాను. సేల్స్‌మన్ కంగారుగా పరిగెత్తుకొచ్చాడు.

"ఇది రిటైర్డ్ అంకుల్స్ బోట్ అమ్మమ్మా," అంది ఇషిత ఏడుపుగొంతుతో.

"నువ్వూ అంకుల్స్ వయసు దాకా బతకాలి కదే. ముందు దీన్ని నీళ్ళలో చూద్దాం."

తర్వాతి శనివారం షోరూమ్‌వాళ్ళు దాన్ని సరస్సుకు తీసుకొచ్చారు. నేను ఒడ్డునే ఉండిపోయాను. నా పరీక్ష ఒక్కటే. ఇషిత లైఫ్ జాకెట్ వేసుకుని, ఒంటిమీది బట్టలతోనే నీళ్ళలో దూకాలి. ఎవరూ చెయ్యి అందించకూడదు. తనంతట తనే పడవెక్కాలి.

"అందరూ మననే చూస్తున్నారమ్మా," అంది సుమతి.

"చూడనీ. వాళ్ళకూ పనికొస్తుంది."

దూకింది. అప్పుడే పక్కనుంచి ఒక జెట్ స్కీ వెళ్ళింది. అల లేచింది. పడవ వెనక ఇషిత తల కనపడలేదు. నేను దేవుళ్ళ పేర్లన్నీ కలిపేసి, ఎవరిని పిలుస్తున్నానో తెలియకుండా పిలిచాను. అంతలో కమ్మీ మీద ఒక చెయ్యి కనిపించింది. ఆ చెయ్యి నిచ్చెన దాకా జరిగింది. ఇషిత పడవెక్కి, నాకేసి రెండు చేతులూ ఊపింది.

ఒడ్డుకు వచ్చి నా ముందు నిలబడింది, నీళ్ళు కారుతూ.

"ఓకేనా?"

"ఓకే," అన్నాను.

మోహన్ నిట్టూర్చి జేబులోంచి కార్డు తీశాడు.

"నీకివన్నీ ఎలా తెలుసు అమ్మమ్మా? బుక్స్‌లోనా?"

"ఆఁ, బుక్స్‌లోనే," అన్నాను.

1966 ఆగస్టులో, పెళ్ళివారితో కలిసి గోదావరి దాటుతుండగా మా పడవ తిరగబడినప్పుడు నేను ఒడ్డుకు వచ్చాను, పన్నెండేళ్ళ మా చెల్లెలు సుధ రాలేదు.