తెరవక తప్పని ఫైలు

ఫైలు తెరుచుకోగానే అరుణశ్రీ మౌసు వదిలేసి లేచిపోయింది. పెరటి కుళాయి దగ్గరకెళ్ళి సబ్బుతో చేతులు కడుక్కుంది. తుడుచుకుని, మళ్ళీ కడుక్కుంది.

మళ్ళీ అదే బొమ్మ. మాసిన పరుపు, పగిలిన అద్దం, బట్టల్లేని మగాడు. మొహం ఒక్కటే కనిపించదు.

శ్రీకాకుళం అరసవల్లి రోడ్డులో కొండబాబుది ఎండుచేపల వ్యాపారం. విశాఖ, రాయగడ, బరంపురం దుకాణాల వాళ్ళు ఆర్డర్లు మెయిల్లో పంపుతారు. ఒకడు ఎక్సెల్లో పంపితే ఇంకొకడు పీడీఎఫ్ పంపుతాడు. మరొకడు చీటీ మీద రాసి, సెల్లో ఫోటో తీసి పంపుతాడు. పొద్దున్నే అవన్నీ ఒక్కొక్కటే తెరిచి, ఎవరికి ఏ సరుకు ఎంత కావాలో కంప్యూటర్లో ఎక్కించి బిల్లు కొట్టడం అరుణశ్రీ పని.

ఆమెది కళింగపట్నం దగ్గర సముద్రప్పేట. ఎండుచేపల వాసన ఆమెకు ఎన్నడూ కంపు కొట్టలేదు. బస్సులో పక్కవాళ్ళు ముక్కు మూసుకుంటే లోలోపల నవ్వుకునేది. అది తల్లి కూర్మమ్మ చీర కొంగు వాసన. తనను చదివించిన వాసన.

కంపంటే ఏమిటో ఇప్పుడు తెలిసింది.

వాడెవడో రోజుకో పేరుతో పంపేవాడు. పైన ‘కొత్త ఆర్డరు’ అని ఉండేది. తెరవకపోతే నిజంగానే కొత్త పార్టీ ఏమోనని భయం. తెరిస్తే ఇది. కొండబాబుకు చూపించింది. ఆయన మొహం తిప్పుకున్నాడు. పోలీసుల దాకా వెళ్తే కొట్టు పరువు బజారున పడుతుందన్నాడు.

“తెరవకపోతే ఆర్డరు పోతాది గదమ్మా. సూసీ సూడనట్టు తీసీ.”

చూశాక చూడనట్టు ఎలా ఉండటం? మధ్యాహ్నం క్యారేజీ విప్పితే మెతుకుల మీద అదే కనిపించేది. ముద్ద దిగేది కాదు. సరుకు కోసం వచ్చిన ప్రతి మగవాణ్ణీ అనుమానంగా చూసేది. ఈ లారీ డ్రైవరా? ఎదురుగా టీ తాగుతున్న ఆ పెద్దమనిషా? ఎవడో తనను గమనిస్తున్నాడు. ఎవడి కంట ఎలా పడ్డానని తనను తానే తవ్వుకునేది. తల్లో పూలు మానేసింది. చున్నీకి పిన్నుల మీద పిన్నులు గుచ్చుకునేది. చివరికి తన ఒళ్ళంటే తనకే రోత పుట్టింది.

అలాంటి రోజుల్లో గోవింద్ వచ్చాడు. ఎచ్చెర్లలో ఎంసీఏ చదివి, టౌన్లో ఒక గది తీసుకుని, చిన్న వ్యాపారాలకు సాఫ్ట్‌వేర్ రాసిచ్చే కుర్రాడు. బేరాల కోసం కొట్టు కొట్టుకూ తిరుగుతున్నానని చెప్పుకున్నాడు. పార్టీలందరికీ ఒకే ఫారం ఇద్దామన్నాడు. మెయిలు రాగానే అందులోని ఫైలు దానంతటదే తెరుచుకుని, సరుకూ తూకమూ చదువుకుని, బిల్లు తయారయ్యేలా చేస్తానన్నాడు. ఆర్డరు కానిదేదైనా ఎవరి కంటా పడకుండా చెత్తలోకి పోతుందన్నాడు.

మనిషి ఉండగా మిషనెందుకని కొండబాబు నసిగాడు. పట్టుబట్టింది అరుణశ్రీయే. అది వస్తే తన కుర్చీ పోతుందని ఆమెకు తెలుసు. అయినా తల వంచుకుని సంగతంతా గోవింద్‌కు చెప్పింది. వింటున్నంత సేపూ అతను ఆమె మొహంలోకి చూడలేదు.

“ఛీ. ఇలాటోళ్ళు కూడా ఉంటారేటి అక్కా. ఇకమీదట మీరు ఒక్కటి కూడా తెరవక్కర్లేదు. నాది పూచీ.”

ఆమెకు కళ్ళనీళ్ళొచ్చాయి. ఇన్నాళ్ళలో ఛీ అన్నవాడు అతనొక్కడే.

అన్నట్టే చేశాడు. మిషను పెట్టిన పొద్దున్న బిల్లులు వాటంతటవే ప్రింటర్లోంచి వస్తుంటే, అరుణశ్రీ చేతులు ఒళ్ళో పెట్టుకుని చూస్తూ కూర్చుంది. ఆ మధ్యాహ్నం కడుపునిండా తింది. కూర్మమ్మ ఏరి ఏరి కట్టిచ్చిన ఎండురొయ్యల పొట్లం ఇస్తే, గోవింద్ రెండు చేతులా అందుకున్నాడు.

కొన్నాళ్ళకే కొండబాబు గొంతు సవరించుకున్నాడు. కంప్యూటరు దగ్గర ఇక మనిషి పని లేదనీ, ఇంకో చోట చూసుకోమనీ చెప్పాడు. ఆమె బాధపడలేదు. ఆ గదిలోంచి బయటపడితే చాలనుకుంది.

విజయనగరంలో మామిడి తాండ్ర వ్యాపారం చేసే జగన్నాధం దగ్గర పని దొరికింది. అంతవరకూ ఆయన ఆర్డర్లు ఫోన్లోనే తీసుకునేవాడు. అరుణశ్రీ చేరాక మెయిలు తెరిపించి, ఆ అడ్రసు తాండ్ర పెట్టెల మీద వేయించాడు. గదంతా తీపి వాసన. ఆమె మళ్ళీ పూలు పెట్టుకోవడం మొదలుపెట్టింది.

ఒక పొద్దున్న ‘కొత్త ఆర్డరు’ అని వచ్చింది. తెరిచింది.

మాసిన పరుపు. పగిలిన అద్దం.

వాకిట్లోకి పరిగెత్తి కక్కుకుంది. వాడు వదల్లేదు. ఊరు మారినా, కొట్టు మారినా వాసన పట్టుకుని వచ్చేశాడు. అంత రోత పనికి తగినదేదో తనలోనే ఉందేమో అనిపించి, పూలు లాగి పారేసింది.

జగన్నాధం మంచినీళ్ళు తెచ్చిచ్చి, ఏమైందని అడిగాడు. ఆమె శ్రీకాకుళంలో పడ్డ నరకమంతా చెప్పేసింది. వాడు తన కోసమే పంపుతున్నాడనీ, తను ఉంటే ఈ కొట్టుకూ ఆ దరిద్రం తప్పదనీ, పని మానేస్తాననీ అంది.

పెద్దాయన వెళ్ళి కంప్యూటరులోకి ఒకసారి చూసి వచ్చాడు. ఆయన మొహంలో ఆశ్చర్యమేమీ లేదు.

“నీ కోసమేటమ్మా, మన పెట్టెల మీద మెయిలు అడ్రసు సూసి ఇలాటి బొమ్మలు పంపుతారు, వచ్చిన రోజు కబురెడితే మిషను పెట్టి ఆపుతానని, మొన్న ఆదివారం నువ్వు లేనప్పుడు గోవింద్ అనే కుర్రాడు వచ్చి నెంబరిచ్చి మరీ ఎల్లాడు.”