ఈతపొదలో చోటు

వానలు తగ్గగానే నీలయ్య అనే మగనెమలికి పింఛం ఈకలన్నీ రాలిపోయాయి. "ఈ బోడితోకతో ఎవరికి మొహం చూపించను?" అనుకుంటూ చడీచప్పుడు లేకుండా ఈతపొదలో దూరాడు.

"కాస్త జరుగు నాయనా, నా కాలు తొక్కుతున్నావు!" అన్నాడు లోపలున్న ముసలి నెమలి.

చూస్తే అడవిలోని మగనెమళ్ళన్నీ అక్కడే నక్కి ఉన్నాయి. అన్నీ బోడితోకలే!

"నా ఒక్కడికే ఇలా అయిందనుకున్నాను తాతా," అన్నాడు నీలయ్య.

"అందరం అలా అనుకునే వచ్చాం. ఏడుపొస్తే ఏడువు. తర్వాత నా వంతు."

నీలయ్య ఏడ్చాడు. ఏడ్చి ఏడ్చి పగలబడి నవ్వాడు. ఆ తర్వాత రోజూ వచ్చాడు.

చలి తగ్గేసరికి అందరికీ కొత్త పింఛాలొచ్చాయి. పొదలో చోటు చాల్లేదు.

"ఇక మానేద్దామా?" అన్నాడు ముసలాయన.

"మానడమెందుకు తాతా? బయట కూర్చుందాం. ఏడుపొచ్చినా, నవ్వొచ్చినా చూసేవాళ్ళు చూడనీ!"